అగ్నిపర్వతం పొగని ఆకాశం నుంచి ఎలా కొలుస్తారు? శాటిలైట్ మ్యాప్‌లో ఎర్రరంగుకి అర్థం ఏంటి?

క్లుప్తంగా: శాటిలైట్ అగ్నిపర్వతం గ్యాస్‌ని ముట్టుకోదు, వాసన చూడదు. సూర్యుడి వెలుగులో ఏ ముక్క తగ్గిందో చూసి, అంత తగ్గాలంటే ఇంత సల్ఫర్ డయాక్సైడ్ ఉండాలి అని లెక్క కడుతుంది. ఆ లెక్కలో పొగ ఎంత ఎత్తులో ఉందన్నది, గాలి ఎంత వేగంగా వీస్తోందన్నది చాలాసార్లు అంచనాలే, అవి తప్పితే చివరి నంబర్ కూడా తప్పుతుంది. ఒక చోట గ్యాస్ ఎంత మందంగా ఉంది, మొత్తం ఎంత వచ్చింది, రోజుకి ఎంత వస్తోంది అనేవి మూడు వేరు వేరు నంబర్లు. వార్తల్లో ఈ మూడూ కలిసిపోతుంటాయి.

ఢిల్లీ దాకా వచ్చిన ఇథియోపియా పొగ

2025 నవంబర్ 23న ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలింది. అది అంతకుముందు పేలినట్టు రికార్డే లేదు, కాబట్టి ఆ పేరు విన్నవాళ్ళు కూడా తక్కువే. పొగ దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తుకి లేచి, ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా అరేబియా సముద్రం పైకి వచ్చి, మర్నాడు రాత్రికల్లా గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీ వైపు చేరింది. విమానాలు కొన్ని రద్దయ్యాయి, వాటిలో దుబాయ్ నుంచి హైదరాబాద్ రావాల్సిన సర్వీసు కూడా ఉంది. 25వ తేదీకల్లా పొగ చైనా వైపు కదిలిపోయింది.

ఈ రెండు రోజులూ ఫోన్లలో తిరిగినవి శాటిలైట్ మ్యాప్‌లే. ఆఫ్రికా కొమ్ము దగ్గర మొదలై ఉత్తర భారతం దాకా ఎర్రగా, ఊదాగా ఒక పొడవాటి చార, పక్కన 'సల్ఫర్ డయాక్సైడ్' అని రాసి ఉంటుంది, అది చూసి ఇప్పటికే ఢిల్లీ గాలి బాగోలేదు, ఇక దీంతో ఊపిరాడదు అన్న మాటలు మొదలయ్యాయి. పొగ చాలా ఎత్తులో ఉంది, కింద గాలి నాణ్యత మీద ప్రభావం పెద్దగా ఉండదు అని వాతావరణ శాఖ చెప్పింది. మ్యాప్ నిజమే, వాతావరణ శాఖ మాటా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి అన్నది అర్థం కావాలంటే ఆ మ్యాప్ ఎలా తయారవుతుందో చూడాలి.

ఇన్ని గ్యాస్‌లు ఉంటే సల్ఫర్ డయాక్సైడే ఎందుకు

అగ్నిపర్వతం నుంచి వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం నీటి ఆవిరి, దాని తర్వాత సాధారణంగా కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ ఆ తర్వాతే. మరి మూడో దాన్ని పట్టుకుని ఎందుకు కొలుస్తారంటే కారణం చాలా సింపుల్, మామూలు గాల్లో అది దాదాపు ఉండదు. నీటి ఆవిరి ఆకాశం నిండా ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికే ప్రతి పది లక్షల వంతుల గాల్లో 420 వంతులకి పైనే ఉంది, అందులో అగ్నిపర్వతం కలిపిన కాస్తని వెతకడం అంటే సంతలో ఒక్క మనిషి గొంతు వెతకడమే. సల్ఫర్ డయాక్సైడ్ అలా కాదు, ఖాళీ వీధిలో కేక లాగా స్పష్టంగా తెలుస్తుంది.

ఇంకో సౌకర్యం, ఇది అతినీలలోహిత కాంతిలో 300 నుంచి 320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య వెలుగుని బాగా మింగుతుంది, అదీ ఒక ప్రత్యేకమైన ఎగుడుదిగుడు గీతలతో. ఆ గీతలే దాని వేలిముద్ర. ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా 7.3, 8.6 మైక్రోమీటర్ల దగ్గర దీని గుర్తులు ఉన్నాయి, రాత్రిపూట కొలవడానికి అవే దిక్కు.

దూరం నుంచి కొలవాల్సిన అవసరం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1993 జనవరి 14న కొలంబియాలో గలెరాస్ అగ్నిపర్వతం పేలినప్పుడు క్రేటర్ దగ్గర ఉన్న ఆరుగురు శాస్త్రవేత్తలు, చూడ్డానికి వెళ్ళిన మరో ముగ్గురు చనిపోయారు. ఆ శాస్త్రవేత్తల్లో గ్యాస్ శాంపిల్స్ తీసుకోడానికి దిగినవాళ్ళు కూడా ఉన్నారు.

కొలిచేది తగ్గిన వెలుగుని

మొదటి పరికరం అగ్నిపర్వతాల కోసం పుట్టింది కాదు. 1960ల చివర్లో కెనడాలోని బారింజర్ అనే కంపెనీ ఫ్యాక్టరీ చిమ్నీల నుంచి వచ్చే పొగని దూరం నుంచి కొలవడానికి కాస్పెక్ అనే యంత్రం తయారుచేసింది. అగ్నిపర్వతం కూడా ఒక పెద్ద చిమ్నీయే కదా అని 1970ల మొదట్లో దాన్ని కొండల దగ్గరికి పట్టుకెళ్ళారు. జీపులో పెట్టి, గొట్టం పైకి తిప్పి, పొగ కింద నుంచి ఈ చివర నుంచి ఆ చివరకి బండి నడపడం, ఆ దారిలో ప్రతి చోటా ఆకాశం నుంచి వచ్చే అతినీలలోహిత వెలుగు ఎంత తగ్గిందో రాసుకోవడం, అంతే. రోడ్డు లేని చోట పడవ, లేదంటే చిన్న విమానం.

తర్వాత వచ్చిన డోయాస్ పద్ధతి కూడా మూలంలో ఇదే, కాకపోతే పరికరం అరచేతిలో పట్టేంత చిన్నదైంది, వేలిముద్ర మొత్తాన్ని కంప్యూటర్ సరిపోల్చుతుంది. 2005లో యూరప్ నిధులతో మొదలైన నోవాక్ అనే నెట్‌వర్క్ ఈ చిన్న స్కానర్లని పదుల కొద్దీ అగ్నిపర్వతాల చుట్టూ శాశ్వతంగా పెట్టింది, అవి పగలంతా ఆకాశాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిరిగి చూస్తూ ఉంటాయి. అతినీలలోహిత కెమెరాలు ఇంకో మెట్టు పైన. సుమారు 310, 330 నానోమీటర్ల దగ్గర రెండు ఫిల్టర్లతో ఫోటోలు తీస్తారు, మొదటిదాంట్లో గ్యాస్ నల్లగా పడుతుంది, రెండోదాంట్లో పడదు, తేడా తీస్తే గ్యాస్ బొమ్మ మిగులుతుంది. సెకనుకో ఫోటో తీస్తే ఏ ఉఫ్‌లో ఎంత గ్యాస్ వచ్చిందో కూడా లెక్క తేలుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గాజు గ్లాసులో పలచటి టీ పోసి వెలుగుకి పట్టి చూస్తే అది ఎంత స్ట్రాంగో రంగుని బట్టి చెప్పొచ్చు. కానీ చిక్కటి డికాషన్ పోస్తే? ఇంకో రెండు చెంచాలు పొడి ఎక్కువ వేసినా కంటికి అదే నలుపు. పొగలో గ్యాస్ మరీ మందంగా ఉంటే పరికరానికీ ఇదే జరుగుతుంది, అసలు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. దానికి తోడు పరికరానికీ పొగకీ మధ్య ఉన్న మామూలు గాలి నుంచి కూడా కొంత వెలుగు చెదిరి లెన్సులోకి వచ్చేస్తుంది, అది పొగలోంచి రాని వెలుగు, డికాషన్‌లో నీళ్ళు కలిసినట్టు. దూరం పెరిగేకొద్దీ ఈ కల్తీ పెరుగుతుంది, ఫలితం మళ్ళీ తక్కువే వస్తుంది. అందుకే ఈ రంగంలో పాత నంబర్లు చాలావరకు తక్కువ వైపుకే తప్పాయి.

అడుగులు, టీఎంసీలు, క్యూసెక్కులు

గందరగోళం ఎక్కువగా పుట్టేది యూనిట్ల దగ్గర. తెలుగువాళ్ళకి దీన్ని అర్థం చేసుకోడానికి ఒక అడ్వాంటేజ్ ఉంది, ప్రతి వానాకాలం టీవీలో శ్రీశైలం బులెటిన్ చూస్తాం కాబట్టి. నీటిమట్టం ఇన్ని అడుగులు, నిల్వ ఇన్ని టీఎంసీలు, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు అని మూడు నంబర్లు వస్తాయి, వాటిని ఎవరూ కలిపేసుకోరు. గ్యాస్‌కీ అచ్చం అలాంటి మూడు నంబర్లు ఉన్నాయి.

శాటిలైట్ మ్యాప్‌లో రంగు చూపించేది అడుగుల లాంటిది. ఒక చోట నేల నుంచి ఆకాశం చివరి దాకా ఒక నిలువు స్తంభం ఊహించుకుంటే అందులో ఉన్న మొత్తం సల్ఫర్ డయాక్సైడ్ ఎంత అన్నది, దీన్ని డాబ్సన్ యూనిట్లలో చెప్తారు. ఆ స్తంభంలోని గ్యాస్ అంతా నేల మీదికి దించి పరిస్తే మిల్లీమీటర్‌లో వందో వంతు మందం పొర వస్తే అది 1 డాబ్సన్ యూనిట్. గ్యాస్ ఆ స్తంభంలో ఏ ఎత్తులో ఉందో ఈ నంబర్ చెప్పదు. ముక్కు దగ్గర ఉన్నా 12 కిలోమీటర్ల పైన ఉన్నా రంగు అదే పడొచ్చు. ఢిల్లీ కంగారు మొత్తం ఇక్కడే పుట్టింది.

మ్యాప్‌లోని స్తంభాలన్నీ కూడితే టన్నులు వస్తాయి, అది టీఎంసీ. ఇక అగ్నిపర్వతం రోజుకి ఎన్ని టన్నులు వదులుతోంది అన్నది క్యూసెక్కు లాంటిది, అగ్నిపర్వతాల్ని గమనించే వాళ్ళకి ఎక్కువగా కావాల్సింది ఇదే. కాలువలో ప్రవాహం కొలవడానికి అడ్డంగా కోత వైశాల్యం తీసుకుని నీటి వేగంతో గుణిస్తారు కదా, ఇక్కడ కూడా పొగని అడ్డంగా కోసి ఆ గీత మీద ఉన్న గ్యాస్‌ని కూడి గాలి వేగంతో గుణిస్తారు. అంటే గాలి వేగం రెట్టింపు అనుకుంటే జవాబూ రెట్టింపు అయిపోతుంది. వేలిముద్ర ఎంత కచ్చితంగా చదివినా లాభం లేదు, పొగ ఉన్న ఎత్తులో గాలి ఎంత వేగంగా ఉందో చాలాసార్లు వాతావరణ మోడల్ నుంచి తెచ్చుకోవాల్సిందే, ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్ద తప్పు సాధారణంగా అక్కడే వస్తుంది. ఫోటోల్లో పొగ ముద్దలు ఎంత దూరం కదిలాయో చూసి వేగాన్ని నేరుగా తీసుకోగలవు కాబట్టే కెమెరాలకి అంత గిరాకీ.

ఓజోన్ శాటిలైట్‌కి అనుకోకుండా దొరికింది

అంతరిక్షం నుంచి కొలవడం కూడా ప్లాన్ చేసి మొదలైంది కాదు. 1978లో వెళ్ళిన నింబస్-7 ఉపగ్రహంలో టామ్స్ అనే పరికరం పని ఓజోన్‌ని కొలవడం. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ పేలినప్పుడు ఆ డేటాలో ఓజోన్ ఉన్నట్టుండి పెరిగినట్టు ఒక మచ్చ కనపడింది. అది ఓజోన్ కాదు, పక్కపక్క తరంగాల్లోనే వెలుగుని మింగే సల్ఫర్ డయాక్సైడ్ అని నాసాకి చెందిన ఆర్లిన్ క్రూగర్ తేల్చారు. అప్పటి నుంచి పెద్ద పేలుళ్ళ గ్యాస్‌కి ఒక లెక్క ఉంది, ఎల్ చిచోన్ దాదాపు 70 లక్షల టన్నులు, 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో 1.5 నుంచి 2 కోట్ల టన్నులు. పినటూబో గ్యాస్ పైపొరల్లో సల్ఫేట్ తుంపరగా మారి సూర్యరశ్మిని వెనక్కి తిప్పడం వల్ల ప్రపంచ సగటు ఉష్ణోగ్రత కొంతకాలం సుమారు అర డిగ్రీ తగ్గింది.

తర్వాత 2004లో ఔరా ఉపగ్రహం మీద ఓఎంఐ, 2017 అక్టోబర్‌లో సెంటినెల్-5పి ఉపగ్రహం మీద ట్రోపోమి అనే పరికరాలు వచ్చాయి. ట్రోపోమి ఇప్పుడు ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 5.5 కిలోమీటర్లకి 3.5 కిలోమీటర్ల నేలని చూస్తుంది. ఇంత చూపు వచ్చాక పేలుళ్ళే కాదు, ఏ హడావుడీ లేకుండా ఏళ్ళ తరబడి పొగలు వదిలే కొండలూ లెక్కలోకి వచ్చాయి. 2005 నుంచి 2015 దాకా ఓఎంఐ డేటా తీసి చూస్తే అలాంటివి సుమారు 90 కనపడ్డాయి, అన్నీ కలిపి ఏడాదికి 2.3 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. ఆ కాలంలో మనుషులు బొగ్గు, చమురు కాల్చి, లోహాలు కరిగించి వదిలింది దీనికి నాలుగైదు రెట్లు.

పైనుంచి చూడ్డంలో ఉన్న అసలు ఇబ్బంది ఎత్తు. సూర్యుడి అతినీలలోహిత వెలుగులో చాలా భాగం నేల దాకా రాకుండానే మధ్యలో చెదిరి వెనక్కి పోతుంది, అంటే కింద ఉన్న గ్యాస్‌ని తాకి వచ్చే వెలుగు తక్కువ, పైన ఉన్నదాన్ని తాకేది ఎక్కువ. ఒకే సిగ్నల్ వచ్చినా గ్యాస్ 1 కిలోమీటర్ ఎత్తులో ఉంటే అర్థం చాలా గ్యాస్ ఉందని, 15 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే కొంచెమే ఉందని. అందుకే ట్రోపోమి డేటాలో ఒకే పిక్సెల్‌కి 1, 7, 15 కిలోమీటర్లు అనుకుంటే ఎంతెంత అని వేరు వేరు జవాబులు పెట్టి ఇస్తారు. ఏది వాడాలో వాడేవాళ్ళే చూసుకోవాలి. మ్యాప్ ఫార్వర్డ్ అయ్యేసరికి ఆ చిన్న అక్షరాల నోటు ఎలాగూ కత్తిరించుకుపోతుంది.

మబ్బు పడితే కిందిది కనపడదు, రాత్రి అసలే కనపడదు. ట్రోపోమి రోజుకి ఒక్కసారి, మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో వెళ్తుంది. ఐఏఎస్‌ఐ లాంటి ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు రాత్రి కూడా చూస్తాయి కానీ వాటికి గ్యాస్‌కీ కింద నేలకీ మధ్య ఉష్ణోగ్రత తేడా కావాలి, నేలకి దగ్గరగా ఉన్న గ్యాస్ వాటికి దాదాపు కనపడదు.

కిలవేయా 2018: నంబర్ పెరుగుతూ పోయింది

హవాయిలోని కిలవేయా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా కొలతలు తీసుకున్న అగ్నిపర్వతాల్లో ఒకటి. 2018కి ముందు కొన్నేళ్ళు దాని శిఖరం నుంచి రోజుకి 5,000 టన్నుల దాకా సల్ఫర్ డయాక్సైడ్ వచ్చేది. 2018 మేలో తూర్పు వైపు ఇళ్ళ మధ్యే నేల చీలి లావా మొదలైనప్పుడు పొగ ఎంత మందంగా ఉందంటే మామూలుగా వాడే తరంగాల దగ్గర వెలుగు దాదాపు మొత్తాన్ని గ్యాస్ మింగేసింది, డికాషన్ సమస్యే. అందుకే అప్పట్లో చెప్పిన నంబర్లు కనీస అంచనాల లాంటివే. తర్వాత అదే డేటాని గ్యాస్ తక్కువగా మింగే, కాస్త పొడవైన తరంగాల దగ్గర మళ్ళీ విశ్లేషిస్తే జూన్, జూలైల్లో రోజుకి దాదాపు 2 లక్షల టన్నులు వచ్చినట్టు తేలింది. మొత్తం మూడు నెలల్లో కోటి టన్నుల స్థాయి, అంటే ఎల్ చిచోన్‌తో పోల్చదగ్గ గ్యాస్. అయినా వాతావరణం చల్లబడలేదు, కారణం అది స్ట్రాటోస్ఫియర్‌కి, అంటే వానలు పడే పొరకి పైనున్న పొరకి వెళ్ళకుండా కిందే తిరిగింది, కింద గ్యాస్ కొద్ది రోజుల్లో తుంపరగా మారి వానకి కొట్టుకుపోతుంది. టన్నులు ఒక్కటే చెప్తే సరిపోదు, ఎత్తు కూడా కావాలి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆగస్టులో లావా ఆగాక గ్యాస్ కూడా రోజుకి వందల్లోకి, తర్వాత పదుల టన్నుల్లోకి పడిపోయింది. 2019లో ఆ క్రేటర్ అడుగున నీళ్ళు ఊరి చెరువు కట్టింది, సల్ఫర్ డయాక్సైడ్ నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి పైకి వచ్చేది వచ్చినా అందులో కొంత అక్కడే ఆగిపోయి ఉంటుంది. 2020 డిసెంబర్‌లో లావా తిరిగి వచ్చి ఆ చెరువుని ఆవిరి చేసేసింది.

గ్యాస్ తగ్గితే మంచిదేనా

సాధారణంగా అందరూ అనుకునేది గ్యాస్ పెరిగితే ప్రమాదం, తగ్గితే ఊరట అని. పినటూబో దీన్ని తలకిందులు చేసింది. 1991 మే 13న కాస్పెక్‌తో కొలిస్తే రోజుకి 500 టన్నులు, మే 28కి 5,000 టన్నులు దాటింది, కింద నుంచి కొత్త శిలాద్రవం వస్తోందని అర్థమైంది. తర్వాత ఒక్కసారిగా పడిపోయి జూన్ మొదటి వారానికి 300 టన్నుల లోపుకి వచ్చేసింది. కొండ చల్లబడిందా, లేక గొట్టం మూసుకుపోయిందా? ఈ రెండూ గ్యాస్ నంబర్‌లో ఒకేలా కనపడతాయి. ఫిలిప్పీన్స్, అమెరికా శాస్త్రవేత్తలు అప్పటికే పెరుగుతున్న భూకంపాలతో కలిపి చూసి దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందని అనుమానించారు, మూత బిగించిన కుక్కర్ లాగా. కొండ చుట్టూ ఊళ్ళని దశలవారీగా ఖాళీ చేయించారు. జూన్ 15న అది పేలింది.

కాబట్టి గ్యాస్ కొలత ఒంటరిగా ఎప్పుడూ పనికిరాదు. నేల ఉబ్బు, భూకంపాలు, గ్యాస్ నిష్పత్తులు పక్కన పెట్టుకుని చదవాలి. నిష్పత్తి అంటే ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్‌కీ సల్ఫర్ డయాక్సైడ్‌కీ మధ్యది. శిలాద్రవం లోతులో ఉండగానే కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చేస్తుంది, సల్ఫర్ చాలావరకు బాగా పైకొచ్చాక వస్తుంది, అంటే మొదటిది పెరుగుతుంటే లోతు నుంచి కొత్త సరుకు బయల్దేరిందని. ఇబ్బందల్లా కార్బన్ డయాక్సైడ్‌ని అంతరిక్షం నుంచి పట్టుకోవడం కష్టం. ఓసీఓ-2 ఉపగ్రహం వనువాటులోని యాసుర్ పొగలో దాన్ని ఒకసారి పట్టుకోగలిగింది, అది సరిగ్గా ఆ పొగ పైనుంచి వెళ్ళిన అదృష్టం కొద్దీ. మిగతా చోట్ల ఇప్పటికీ క్రేటర్ అంచున పెట్టిన గ్యాస్ కొలిచే పెట్టెలు, డ్రోన్లే ఆధారం.

బూడిదకి గ్యాస్ మ్యాప్ వాడితే

విమానాలకి అసలు భయం గ్యాస్ కాదు, బూడిద. అది ఇంజన్ వేడికి కరిగి లోపల గాజులా అతుక్కుంటుంది. 1982 జూన్ 24న ఇండోనేషియాలో గలుంగుంగ్ బూడిదలోకి దూరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, పొగలోంచి కిందికి జారాక మళ్ళీ స్టార్ట్ అయ్యాయి. శాటిలైట్‌లో బూడిద కన్నా సల్ఫర్ డయాక్సైడ్ తేలిగ్గా కనపడుతుంది కాబట్టి చాలాసార్లు గ్యాస్ ఎక్కడుంటే బూడిదా అక్కడే అనుకుని ముందు హెచ్చరిక ఇస్తారు. తొలి గంటల్లో అది తెలివైన పనే, కానీ ఎప్పుడూ నిజం కాదు. 2011 మేలో ఐస్‌లాండ్‌లో గ్రిమ్స్‌వాటన్ పేలినప్పుడు గ్యాస్ పైకి లేచి ఉత్తరం వైపు, బూడిద కింది పొరలో దక్షిణం వైపు పోయాయి.

ఇంకో వింత 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రంలో పేలిన హుంగా. పొగ 57 కిలోమీటర్ల దాకా లేచింది, అయినా సల్ఫర్ డయాక్సైడ్ 4, 5 లక్షల టన్నులే. బదులుగా దాదాపు 14.6 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కించింది, అక్కడ అంతకుముందున్న మొత్తం నీటిలో పదో వంతు. పేలుడు సైజుని గ్యాస్ టన్నులతో కొలవొచ్చు అనుకునేవాళ్ళకి అది గట్టి దెబ్బ.

ఆ మ్యాప్‌లో మన సొంత మచ్చలు

హైలీ గుబ్బి పొగ వెళ్ళిపోయాక కూడా భారత్ సల్ఫర్ డయాక్సైడ్ మ్యాప్ తెల్లగా ఏమీ ఉండదు. సగటు తీసిన మ్యాప్‌లలో సింగ్రౌలి, కోర్బా లాంటి బొగ్గు విద్యుత్ ప్రాంతాలు ఏ ఏడాదైనా మచ్చలుగా కనపడతాయి, చైనా చిమ్నీల్లో ఫిల్టర్లు పెట్టి తగ్గించుకున్నాక మనుషుల వల్ల వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌లో భారత్ పైకి చేరింది కూడా ఇవే శాటిలైట్లు చూపించాయి. రంగు పలచగానే ఉంటుంది, కానీ ఆ గ్యాస్ ఉండేది కింది రెండు కిలోమీటర్లలో, అంటే జనం పీల్చే గాల్లో. 12 కిలోమీటర్ల పైన రెండు రోజులు ఉండి పోయిన ముదురు ఎరుపు కన్నా ఊపిరితిత్తులకి సంబంధించినంతవరకు ఈ లేత రంగే లెక్కలోకి వస్తుంది. గాలి నాణ్యత సూచీ కొలిచేది నేల మీద ఘనపు మీటరుకి ఎన్ని మైక్రోగ్రాములు అని, డాబ్సన్ యూనిట్లని నేరుగా దానిలోకి మార్చే దారి లేదు.

రోజుకి ఒక్క చూపు అన్న ఇబ్బంది మాత్రం కొన్ని చోట్ల తీరుతోంది. 2020లో దక్షిణ కొరియా పంపిన జెమ్స్ అనే పరికరం భూస్థిర కక్ష్య నుంచి ఆసియాని పగలు గంట గంటకీ చూస్తుంది, భారత్ తూర్పు సగం, అండమాన్‌లో దేశపు ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ ఐలాండ్ దాని చూపులో ఉన్నాయి. ఉత్తర అమెరికాకి 2023 నుంచి అలాంటిదే టెంపో ఉంది, యూరప్ కోసం సెంటినెల్-4 2025 జూలైలో వెళ్ళింది. హైలీ గుబ్బి ఉన్న అఫార్ ఈ మూడింటి చూపుకీ బయటే. హిందూ మహాసముద్రం పైన ఉండే మెటియోశాట్ ఇన్‌ఫ్రారెడ్‌లో పావుగంటకోసారి ఆ వైపు చూస్తుంది కానీ అతినీలలోహితంలో మాత్రం అక్కడ ట్రోపోమి లాంటి పరికరాలకి ఇప్పటికీ రోజుకి ఒక్క చూపే.